ముందు పాత ప్రయోగాన్నే మళ్ళీ చేయండి

ప్రాజెక్టు సలహా కోసం నా దగ్గరికి వచ్చే సైకాలజీ ఎమ్మే విద్యార్థుల్లో, మనుషులు అంచనాలెలా వేస్తారు, నిర్ణయాలెలా తీసుకుంటారు అన్నదాని మీద పనిచేస్తామనేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. నాకది చాలా సంతోషం. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక కొత్త ఆలోచన పట్టుకొస్తారు. బంగారం కొనేటప్పుడు ఆడవాళ్ళు ఎలా ఆలోచిస్తారు, ఇంటర్ తర్వాత కోర్సు ఎలా ఎంచుకుంటారు, ఇలా. నేను అందరికీ ఒకటే చెబుతాను. అది కాసేపు పక్కన పెట్టు, ఎవరో ఎప్పుడో చేసి అచ్చువేసిన ప్రయోగం ఒకటి తీసుకో, దాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ చెయ్యి అని. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. "కాపీ కొట్టినట్టు ఉండదా మేడమ్?" అంటారు.

ఉండదు. ప్రయోగం చేయడం నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి దారి లేదు. సరళీ స్వరాల దగ్గర కూర్చోకుండా కృతి కట్టబోతే ఏమవుతుందో సంగీతం నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. మన దగ్గర సైకాలజీ విద్యార్థి చేత మొదటి రోజే కృతి కట్టిస్తున్నాం.

ఇంకా చెప్పాలంటే, మన విశ్వవిద్యాలయాల్లో జరిగే ప్రాజెక్టుల్లో చాలావాటిలో అసలు ప్రయోగమే ఉండదు. ఆత్మగౌరవానికి ఒక స్కేలు, ఒత్తిడికి ఒక స్కేలు తీసుకుంటారు. రెండూ కలిపి కుట్టి, హాస్టల్లో వందమందికి పంచుతారు. వచ్చిన అంకెల్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి, రెంటికీ సంబంధం ఉందనో లేదనో రాస్తారు. ప్రశ్నావళికి దాని విలువ దానికుంది, కాదనను. కానీ అందులో తెలిసేది మనిషి తన గురించి తాను ఏం చెప్పుకుంటున్నాడన్నది. ఆ మనిషి ముందు రెండు దారులు పెట్టి, ఎంచుకోమంటే ఏం చేస్తాడన్నది వేరే సంగతి. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉంటుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. మన పటాన్‌చెరులోనే తేలిన విషయమిది.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ 1972లో మొదలైంది. ఆ దశాబ్దం చివర్లో అక్కడ పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అనే వ్యవసాయ ఆర్థికవేత్తకు ఒక ప్రశ్న ఎదురైంది. కొత్త విత్తనం, ఎరువు వస్తే పెద్ద రైతు వాడతాడు, చిన్న రైతు వెనకాడతాడు. పేదవాడికి నష్టమంటే భయం ఎక్కువ కాబట్టే ఇలా జరుగుతోందా? అందరూ అవుననే అనుకునేవారు. దాన్ని పరీక్షించడానికి ఆయన ఇక్రిశాట్ అప్పటికే అధ్యయనం చేస్తున్న పల్లెల్ని ఎంచుకున్నాడు. మహారాష్ట్ర ఊళ్ళతోపాటు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు కూడా వాటిలో ఉన్నాయి. ఆముదాలు, జొన్నలు పండే ఎర్రనేలల ఊరు ఔరేపల్లి. అన్ని ఊళ్ళలోనూ కలిపి ఆయన తీసుకున్నది 240 కుటుంబాల్ని.

ఆయన రెండు పద్ధతులు వాడాడు. మొదటిది ఇంటర్వ్యూ. ఇలాంటి పరిస్థితిలో మీరేం చేస్తారు, ఎంత ఖాయంగా ఇస్తే ఈ అవకాశం వదులుకుంటారు అని అడిగి రాసుకోవడం. రెండోది ఆట. రైతు ముందు కొన్ని ఎంపికలు పెడతారు. ఒకటి ఎంచుకున్నాక నాణెం ఎగరేస్తారు. యాభై రూపాయల ఆటలో ఎంపికలు ఇలా ఉండేవి: నాణెం ఎటు పడినా 50 రూపాయలు తీసుకోవచ్చు. లేదంటే ఒకవైపు పడితే 40, ఇంకోవైపు పడితే 120. ఇంకొంచెం తెగిస్తే 30 లేదా 150. అన్నిటికీ చివర ఒకవైపు సున్నా, ఇంకోవైపు 200. ఆట అర్ధరూపాయితో మొదలై అయిదుకీ యాభైకీ పెరిగేది. డబ్బు నిజంగా చేతికి వచ్చేది. ఆటలో పెద్ద మొత్తం వస్తే అది ఆ రోజుల్లో ఒక కూలీ నెల సంపాదనకన్నా ఎక్కువ.

1980లో వెలువడిన ఫలితాల్లో నన్ను కదిలించినవి రెండు. ఇంటర్వ్యూలో వచ్చిన జవాబులకీ ఆటలో చేసిన ఎంపికలకీ పొంతనే లేదు. పైగా ఇంటర్వ్యూ జవాబులు అడిగిన మనిషిని బట్టి మారాయి. అంటే అక్కడ కొలిచింది రైతు మనసుతోపాటు ప్రశ్న అడిగినవాడిని కూడా. ఆటలోనేమో, అర్ధరూపాయి దగ్గర ఎంపికలు చెల్లాచెదురుగా ఉన్నాయి, మొత్తం పెరిగేకొద్దీ దాదాపు అందరూ మధ్యరకం జాగ్రత్త దగ్గరికి చేరారు. ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ లెక్కలోకి తీసుకోదగ్గ తేడా రాలేదు. పేద రైతు వెనకాడుతున్నది పిరికితనం వల్ల కాదన్నమాట. అప్పు పుట్టకపోవడం, సమాచారం అందకపోవడం లాంటి అడ్డంకుల్లో కారణాలు వెతకాలని బిన్స్‌వాంగర్ వాదించాడు. ఇంటర్వ్యూతోనే ఆగి ఉంటే మన జిల్లాల రైతుల మీద ఒక అబద్ధం శాస్త్రం పేరుతో స్థిరపడిపోయేది. మన గడ్డమీద జరిగిన ఈ పని గురించి మన సైకాలజీ విద్యార్థుల్లో ఎంతమంది విన్నారు? నన్ను బాగా బాధపెట్టే విషయమిది.

సరే, మళ్ళీ చేయడానికి ఏ ప్రయోగం తీసుకోవాలి? నేను ఎక్కువగా ఇచ్చేది ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే సైకాలజిస్టులు 1974లో 'సైన్స్' పత్రికలో వివరించిన గుణకారం ప్రయోగం. ఒక గుంపు విద్యార్థులకి 8×7×6×5×4×3×2×1 అని చూపించి, అయిదు సెకన్లలో జవాబు అంచనా వేయమన్నారు. ఇంకో గుంపుకి అదే లెక్క తిరగేసి, 1×2×3 అంటూ 8 దాకా. లెక్క ఒకటే, జవాబూ ఒకటే: 40,320. కానీ ఎనిమిదితో మొదలైన గుంపు అంచనాల్లో మధ్యగతం 2,250, ఒకటితో మొదలైన గుంపుది 512. కళ్ళు మొదట పడిన అంకెల దగ్గరే అంచనా లంగరు వేసుకుంటుంది, అక్కణ్ణించి ఎంతో దూరం కదలదు. ఇద్దరూ అసలు జవాబుకి ఆమడ దూరంలో ఆగిపోయారు.

చీటీలు, గడియారం ఉంటే చాలు, ఒక్క పూటలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. మొదలుపెట్టాక తెలుస్తుంది. ఏ చీటీ ఎవరికి? ముందు బెంచీలవాళ్ళకి ఒకటి, వెనక బెంచీలవాళ్ళకి ఇంకొకటి ఇస్తే పనికిరాదు, ఎందుకంటే ముందు కూర్చునేవాళ్ళూ వెనక కూర్చునేవాళ్ళూ ఒకేరకం మనుషులు కారు. ఆడపిల్లల వరస, మగపిల్లల వరస అన్నా అంతే. రెండురకాల చీటీల్నీ మడిచి, ఒక్కచోట పోసి, బాగా కలిపి, పైనుంచి వరసగా పంచాలి. కలిపే మనిషి, పంచే మనిషి మీరు కాకపోతే ఇంకా మంచిది. పక్కవాడి చీటీలోకి తొంగిచూడటం మన క్లాసుల్లో ఎంత సహజమో చెప్పక్కర్లేదు కాబట్టి కూర్చోబెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. అయిదు సెకన్లు ఎవరు లెక్కపెడతారు? చీటీ తెరవకముందు నుంచా, తెరిచాకా?

ఇంకో చిక్కు మన ప్రాంతానిదే. ఈ ప్రయోగాన్ని ఇంటర్ ఎంపీసీ క్లాసులో చేస్తే ఏమవుతుంది? లెక్కల్లో ప్రస్తారాలు, సంయోగాలు చదివి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోసం రుబ్బినవాళ్ళకి ఎనిమిది ఫాక్టోరియల్, అంటే ఈ లెక్క జవాబే, నోటికి వచ్చేసి ఉంటుంది. వాళ్ళు అంచనా వేయరు, గుర్తు తెచ్చుకుంటారు. కాబట్టి బైపీసీకో ఆర్ట్స్‌కో వెళ్ళాలి, లేదా లెక్కే మార్చుకోవాలి. మార్చుకుంటే అది పాత ప్రయోగమేనా అన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్న మీద నేనూ విద్యార్థులూ గంటలకొద్దీ వాదించుకున్నాం. ఆ వాదనల్లో వాళ్ళు నేర్చుకున్నంత ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ప్రయోగంలో ఏది ప్రాణం, ఏది పైతొడుగు అని తేల్చుకోవలసి వచ్చిందక్కడ.

చీటీలు పంచకముందే చేయాల్సిన పని ఇంకొకటుంది, నేను ఎవరికీ దీనికి మినహాయింపు ఇవ్వను. ఏ ఫలితం వస్తుందనుకుంటున్నారో, ఎంతమందిని తీసుకుంటారో, ఏ జవాబుల్ని పక్కన పెడతారో ముందే రాసి, తారీకు వేసి, మార్చడానికి వీల్లేనిచోట పెట్టాలి. ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) అనే సైటులో ఇది ఉచితంగా చేయవచ్చు. ఒకడు పది లక్షలని రాస్తాడు. ఇంకొకడు ఖాళీగా ఇస్తాడు. ఇంకొకడు పెన్నుతో గుణించేస్తూ దొరుకుతాడు. వీళ్ళని ఉంచాలా తీసేయాలా అన్నది ఫలితం చూశాక నిర్ణయిస్తే, మనకి కావలసిన ఫలితానికి అడ్డం వచ్చినవాళ్ళే "సరిగ్గా చేయనివాళ్ళు"గా కనిపిస్తారు. ఇందులో దురుద్దేశం అక్కర్లేదు, మనసు తనంతట తనే ఆ పని చేసిపెడుతుంది.

దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపించినవాళ్ళు సిమన్స్, నెల్సన్, సైమన్‌సోన్ అనే ముగ్గురు పరిశోధకులు, అప్పట్లో అమెరికాలో పనిచేసేవాళ్ళు. 2011లో వాళ్ళు ఒక వ్యాసం వేశారు. ఒక పాట విన్న విద్యార్థుల వయసు, వేరే సంగీతం విన్నవాళ్ళ కంటే దాదాపు ఏడాదిన్నర తగ్గిందని అందులో గణాంకాలతో "నిరూపించారు". పాట వింటే భావన మారడం కాదు, నిజంగా వయసే తగ్గడం. అసాధ్యమని అందరికీ తెలుసు, అదే వాళ్ళ ఉద్దేశం. ఒక్క అంకె కూడా కల్పించలేదు. అప్పటికి అందరూ మామూలుగా చేసే పనులే చేశారు: కొలిచిన వాటిలో కొన్నే చెప్పడం, ఫలితం వచ్చేదాకా మనుషుల్ని చేర్చుకుంటూ పోవడం లాంటివి. అలాంటి నాలుగు వెసులుబాట్లు కలిస్తే, లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి 60 శాతం దాటుతుందని లెక్కగట్టి చూపించారు. 2015లో ఇంకో పెద్ద దెబ్బ తగిలింది. పేరున్న సైకాలజీ పత్రికల్లోని వంద అధ్యయనాల్ని చాలా దేశాలవాళ్ళు కలిసి మళ్ళీ చేశారు. మొదట అచ్చయినప్పుడు వాటిలో 97 శాతం గణాంకపరంగా నిలిచే ఫలితాలు చూపాయి, మళ్ళీ చేసినప్పుడు 36 శాతమే చూపాయి.

ఈ అంకెలు విని కొందరు విద్యార్థులు నిరుత్సాహపడతారు. నాకు మాత్రం ఇందులో ధైర్యమే కనిపిస్తుంది. తన ఇంటిని తానే సోదా చేసుకున్న శాస్త్రమిది. పైగా అన్నీ కూలిపోలేదు. 2014లో 36 చోట్ల, ఆరువేలకు పైగా మనుషులతో పదమూడు ఫలితాల్ని పరీక్షించినప్పుడు లంగరు ఫలితాలు మొదటికంటే బలంగా నిలబడ్డాయి. జెండా చూపిస్తే రాజకీయాభిప్రాయం మారుతుందన్న లాంటివి నిలబడలేదు. ఏది నిలుస్తుందో ఏది నిలవదో పేరుప్రతిష్ఠల్ని బట్టి చెప్పలేం. చేసి చూడాల్సిందే.

ప్రయోగం చేసేవాడి ఆశ ఫలితంలోకి ఎలా జొరబడుతుందో చూపే ఉదాహరణ ఒకటి నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. 1996లో న్యూయార్క్‌లో జాన్ బార్ఘ్ అనే సైకాలజిస్టు బృందం, ముసలితనానికి సంబంధించిన పదాలతో వాక్యాలు కూర్చిన విద్యార్థులు ఆ తర్వాత వరండాలో నెమ్మదిగా నడిచారని ప్రకటించింది. చాలా ప్రసిద్ధమైంది. 2012లో బ్రసెల్స్‌లో స్టెఫాన్ దోయెన్, సహచరులు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో కొలిస్తే ఆ తేడా కనిపించలేదు. తర్వాత వాళ్ళు ఇంకో పని చేశారు. ప్రయోగం నడిపేవాళ్ళలో కొందరికి "వీళ్ళు నెమ్మదిగా నడుస్తారు" అనీ, మిగతావాళ్ళకి "వేగంగా నడుస్తారు" అనీ నమ్మకం కలిగించారు. నడిపేవాళ్ళు నెమ్మదిని ఆశించినచోటే నెమ్మది కనిపించింది. వాళ్ళ చేతిలోని స్టాప్‌వాచీలు వాళ్ళు ఆశించిన వైపే మొగ్గాయి.

ఎదుటివైపు, అంటే ప్రయోగంలో పాల్గొనేవాళ్ళ వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది. 1962లో మార్టిన్ ఓర్న్ అనే అమెరికా పరిశోధకుడు ఒక ప్రయత్నం గురించి రాశాడు. మనిషికి రెండువేల కాగితాల కూడికలు ఇచ్చి, చేస్తూ ఉండమని చెప్పి వెళ్ళిపోయారు. విసుగొచ్చి ఎప్పుడు మానేస్తాడో చూద్దామని. అయిదున్నర గంటలయ్యాక విసుగొచ్చింది ప్రయోగం చేసేవాళ్ళకే. ప్రయోగమని తెలిస్తే మనిషి అంత విధేయంగా మారిపోతాడు. ఇక మన ఊళ్ళలో, కాగితాలు పట్టుకుని వచ్చిన చదువుకున్న మనిషి ఎదురుగా ఉంటే? సర్వే పనులకి తిరిగినప్పుడు నేను ఎక్కువగా విన్న మాట "మీరే చెప్పండమ్మా, ఏది రాయమంటారు?" అన్నదే. ఆ మాటలో మర్యాద ఉంది, రేషన్ కార్డుకో పింఛనుకో ఏమవుతుందోనన్న భయమూ ఉంది. సంతకం అనగానే, వేలిముద్ర అనగానే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళున్నారు, వాళ్ళ అనుభవాలు వాళ్ళవి. అనుమతి పత్రం మీద వేలిముద్ర పడితే సరిపోయిందనుకోవడం అన్యాయం. ఇది ఏమిటో, ఎందుకో, వద్దనుకుంటే మధ్యలో లేచిపోవచ్చని కూర్చుని చెప్పాలి. ఇస్తామన్న డబ్బు ఇవ్వాలి, అదే రోజు.

ఫారం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర ఏ ఫారమైనా పేరు, తండ్రి పేరు, కులంతో మొదలవుతుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 642 మంది అబ్బాయిల చేత కాగితం మీది చిక్కుదారులు సాధింపజేశారు. సాధించినదాన్ని బట్టి డబ్బు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలూ దళిత పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివి వినిపించాక దళిత పిల్లలు సాధించిన చిక్కుదారుల సంఖ్య బాగా పడిపోయింది. అవే చిక్కుదారులు, అలాంటి పిల్లలే. ఈ ఫలితం 2006లో వచ్చింది. ఆ తర్వాత కూడా మన ప్రాజెక్టుల ప్రశ్నావళుల్లో మొదటి పేజీలోనే కులం, తల్లిదండ్రుల ఆదాయం, పదో తరగతి మార్కులు అడుగుతున్నారంటే నాకు కోపం వస్తుంది. అవి కావాలంటే చివర్లో అడగండి. అక్కర్లేకపోతే అసలు అడగకండి.

ఎంతమందిని తీసుకోవాలన్న ప్రశ్నకి మన డిపార్ట్‌మెంట్లలో ఒక అలవాటు జవాబుంది: గుంపుకి ముప్ఫై. రెండు గుంపుల మధ్య ఓ మోస్తరు తేడా నిజంగా ఉన్నా, దాన్ని అయిదింట నాలుగుసార్లు పట్టుకోవాలంటే గుంపుకి 64 మంది కావాలి. తేడా చిన్నదైతే 390 దాటాలి. ముప్ఫైతో చేయడమంటే చాలావరకు అదృష్టాన్ని కొలవడమే. ఈ పొరపాటు కేవలం విద్యార్థులది అనుకోవద్దు. ట్వెర్‌స్కీ, కానమన్‌ల ఉమ్మడి పని మొదలైందే ఇక్కడ. గణాంకాలు బాగా తెలిసిన పరిశోధకులు కూడా చిన్న శాంపిల్‌ని అతిగా నమ్ముతారని 1971లో చూపించారు. ఆ తర్వాత అడిగిన ఆసుపత్రి ప్రశ్న కూడా ఇదే కోవలోది. పెద్దాసుపత్రిలో రోజుకి 45 కాన్పులు, చిన్నదానిలో 15. ఏడాదిలో, పుట్టినవాళ్ళలో 60 శాతానికి మించి మగపిల్లలున్న రోజులు ఎక్కడ ఎక్కువ? చిన్నదానిలోనే, ఎందుకంటే తక్కువ సంఖ్యలు తేలిగ్గా అటూ ఇటూ ఊగుతాయి. 95 మందిలో ఆ జవాబు చెప్పినవాళ్ళు 21 మంది. 53 మంది రెండుచోట్లా ఒకటేనన్నారు. ముప్ఫైమందితో థీసిస్ రాయబోయే విద్యార్థి చేత మొదట ఈ ప్రశ్నకే జవాబు చెప్పించాలి.

నాతో విభేదించేవాళ్ళు ముఖ్యంగా రెండు మాటలంటారు. ఒకటి, పరిశోధనంటే కొత్తదనం, పాతదాన్ని మళ్ళీ చేస్తే గైడు ఒప్పుకోడు, వైవాలో నిలబడదు అని. నిజమే, చాలాచోట్ల అదే పరిస్థితి. మార్చాల్సింది ఆ పరిస్థితినే. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో గిలాడ్ ఫెల్డ్‌మన్ అనే అధ్యాపకుడు ఏళ్ళ తరబడి డిగ్రీ పిల్లల చేత ఇదే చేయిస్తున్నాడు. తీర్పు, నిర్ణయాల రంగంలోని పాత ప్రయోగాల్ని ముందే నమోదు చేసి, పెద్ద శాంపిళ్ళతో మళ్ళీ చేస్తారు. వాటిలో చాలావి పేరున్న పత్రికల్లో వచ్చాయి. మన ఎమ్మే విద్యార్థులు వాళ్ళకంటే తీసిపోయారని నేను ఒప్పుకోను.

రెండోది ఇంకా గట్టి వాదన. ఇవన్నీ అమెరికన్ కాలేజీ పిల్లల మీద చేసినవి, మనకెందుకని. ఈ విమర్శ సరైందే. 2008లో లెక్కవేస్తే, ప్రధాన సైకాలజీ పత్రికల్లో పాల్గొన్నవాళ్ళలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతం మాత్రమే ఉన్న దేశాలవాళ్ళని తేలింది. కానీ దీన్నుంచి రావలసిన ముగింపు ఏమిటి? వాటిని వదిలేసి మనవైన కొత్తవి కనిపెట్టడమా? మనవాళ్ళు వేరుగా ఆలోచిస్తారా లేదా అన్నది అదే ప్రయోగం మన దగ్గర చేస్తేనే కదా తెలిసేది. 1981లో ట్వెర్‌స్కీ, కానమన్ అడిగిన ప్రసిద్ధమైన రోగం ప్రశ్న చూడండి. ఆరువందలమంది ప్రాణాలు ప్రమాదంలో ఉన్నాయి. ఒక దారి ఫలితం ఖాయం, ఇంకోటి అందరూ బతకడమో ఒక్కరూ బతకకపోవడమో తేలే పందెం. "200 మంది బతుకుతారు" అన్నప్పుడు 72 శాతం ఆ ఖాయమైన దారినే ఎంచుకున్నారు. అదే విషయాన్ని "400 మంది చనిపోతారు" అని చెప్పినప్పుడు 78 శాతం దాన్ని వదిలి పందెం వైపు వెళ్ళారు. కోవిడ్ రెండో అలలో ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగులు తీసిన ఇళ్ళవాళ్ళని ఇప్పుడు ఇదే ప్రశ్న అడిగితే అంకెలు అలాగే వస్తాయా? నాకు తెలుసుకోవాలని ఉంది. గాయం ఇంకా పచ్చిగా ఉన్నవాళ్ళని అలా అడగడం తగునా అన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి.

నేను చేయించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నది బిన్స్‌వాంగర్ ఆటని. అవే ఊళ్ళలో, అవే ఎంపికలతో, మొత్తాల్ని ఇప్పటి కూలీకి తగ్గట్టు పెంచి. డబ్బు కావాలి, నైతిక సంఘం అనుమతి కావాలి, ఎండలో తిరగగలిగే పిల్లలు కావాలి. ఏదో ఒక విశ్వవిద్యాలయం ముందుకొస్తే నా వంతు పని ఉచితంగా చేస్తాను. నా అంచనా ఇక్కడే, పని మొదలవకముందే రాసి పెడుతున్నాను. పెద్ద మొత్తాల దగ్గర యాభై ఏళ్ళు దాటినవాళ్ళు అప్పటిలాగే మధ్య ఎంపికల దగ్గర చేరతారు. ఇరవై అయిదేళ్ళలోపు కుర్రాళ్ళలో మాత్రం సున్నా లేదా రెండువందలు లాంటి చివరి ఎంపికకి పోయేవాళ్ళు పెద్దవాళ్ళలో కంటే ఎక్కువ ఉంటారు. రెండు వయసుల మధ్య తేడా రాకపోతే నా ఊహ తప్పని అదే పేజీలో రాస్తాను. తేడా వస్తే, దానికి కారణం ఫోన్లలో ఆడే క్రికెట్ పందేలని నాకు అనిపిస్తుంది కానీ, అది ఈ ప్రయోగం చెప్పగలిగేది కాదు. దానికి ఇంకోటి కట్టాలి.